వార్షిక నివేదిక: పేరు మారినా రికార్డు తెగిపోకూడదు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం పెట్టింది ఒకే పని మీద. ఫుట్‌బాల్ క్లబ్ పేరు మారినప్పుడు పాత రికార్డు ఎవరి ఖాతాలోకి వెళ్తుందో తేల్చి, పట్టిక సరిచేయడం. ఇది మన ఊరి సమస్య కూడా. 2019లో పుణె సిటీ క్లబ్ స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. 2025 అక్టోబరులో అదే క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మన పట్టికలో ఆ కప్పు హైదరాబాద్ పేరు మీదే ఉంటుంది. ఇప్పటి పేరు పక్క గడిలో వస్తుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు, బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ పోటీ గెలిచిన జట్టు అది. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సయ్యద్ అబ్దుల్ రహీమ్ దానికి కోచ్. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. దాంతో మరో పాత ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్ కప్ విజేతల జాబితాలో 1950, 1954, 1957 ఒక పేరు కింద, 1961 ఇంకో పేరు కింద కనిపిస్తాయి. తెలియనివాళ్లు రెండు వేర్వేరు జట్లనుకుంటారు. ఒకే జట్టు గెలిచిన నాలుగు కప్పులు మూడూ ఒకటీగా విడిపోతాయి. మనకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుకే ప్రతి క్లబ్‌కూ ఐదు గడులు పెట్టాం: పేరు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, మారిన కారణం, ఆధారం. తేదీ కచ్చితంగా దొరక్కపోతే గడి ఖాళీగా వదలాలి, ఊహించి నింపకూడదు. కంప్యూటర్‌లో పాత పేర్లన్నీ ఒకేసారి కొత్త పేర్లుగా మార్చేయడం అన్నిటికంటే ప్రమాదం, ఆ తర్వాత అప్పటి అచ్చు కాగితంలో ఏ పేరు ఉందో ఎవరికీ తెలియదు. మైదానానికీ ఇదే నియమం. 1967కు ముందు మ్యాచ్‌కు ఫతేమైదాన్ అనే రాయాలి, లాల్ బహదూర్ స్టేడియం అని కాదు.

ఫొటోల విషయంలో ముందు వెనక్కి తిప్పి చూడండి. పెన్సిల్‌తో రాసిన ఆటగాళ్ల పేర్లు, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. రెండువైపులా 600 డీపీఐతో స్కాన్ చేసి, ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత పోటీ, ఆ తర్వాత అప్పటి జట్టు పేరు పెట్టండి. లామినేషన్ వద్దు, వేడికి ఫొటో పాడైతే మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు కొన్నేళ్లకు పచ్చబడి జిగురు కాగితంలోకి ఇంకుతుంది. ఇప్పటికే ఆల్బమ్‌కు అతుక్కుపోయినదాన్ని లాగొద్దు, పేజీతో సహా స్కాన్ చేస్తే చాలు.

బయటి అనుభవాలూ చదివాం. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 2005లో క్లబ్‌ను కొన్న కంపెనీ, క్లబ్ పేరుతోపాటు దాని ఊదా రంగునూ తీసేస్తే, అభిమానులు పాత పేరుతో కొత్త క్లబ్ పెట్టుకుని కింది డివిజన్ నుంచి మొదలుపెట్టారు. ఇంగ్లండ్ క్లబ్ హల్ సిటీ పేరును హల్ టైగర్స్‌గా మార్చాలని యజమాని కోరితే 2014లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోలేదు. కోల్‌కతాలో 2020లో మోహన్ బగాన్ క్లబ్ పేరు ముందు చేరిన, మరో క్లబ్ పేరైన ఏటీకే అనే మూడక్షరాలు అభిమానుల పట్టుదలతో 2023లో తొలగిపోయాయి. మనం ఎక్కువగా చర్చించింది లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్ గురించి. జట్టు మిల్టన్ కీన్స్ అనే మరో ఊరికి వెళ్లిపోయాక, 1988 ఎఫ్‌ఏ కప్ విజయ జ్ఞాపికలను 2007లో పాత ఊరికే, అంటే వింబుల్డన్ ఉన్న మెర్టన్ స్థానిక మండలికి అప్పగించారు. క్లబ్ తరలినా చరిత్ర ఊరికి మిగలవచ్చని చూపిన ఉదాహరణ అది. హైదరాబాద్‌కూ అలాంటి ఏర్పాటు కావాలన్నది ఈ సంఘం అభిప్రాయం.

వచ్చే ఏడాది పని రోవర్స్ కప్ పట్టిక. మీ ఇళ్లలో 1950, 60ల నాటి మ్యాచ్ టికెట్లు, ప్రోగ్రామ్ కాగితాలు, పతకాలు ఉంటే తీసుకురండి. పతకాన్ని తోమకండి, వెనక చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మీ ముందే స్కాన్ చేసి, అసలువి మీకే తిరిగి ఇస్తాం.