‘నో రిటర్న్, నో రిఫండ్’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మా తోడికోడలూ నేనూ ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతుంటాం. పోయిన సంక్రాంతి ముందు ఒకావిడ సారె కోసం ఇరవై డబ్బాలు బెంగళూరుకి తెప్పించుకున్నారు. పెట్టె విప్పి ఫొటో పంపారు. అడుగున నెయ్యి పీల్చిన కాగితం, దాని మీద తెల్లటి పొట్టులా రేకు ముక్కలు, బెల్లం పొడి. చుట్ట విడిపోకుండా మిగిలినవి నాలుగు డబ్బాలే.

“నో రిటర్న్, నో రిఫండ్ అని పేజీలో ముందే పెట్టాం కదండీ” అన్నాం. కొరియర్ వాళ్లు తప్పు మా ప్యాకింగ్‌దే అన్నారు. నాలుగు రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి మా మామగారు, “శుభకార్యం వాళ్లమ్మా, ఆవిడ డబ్బు ఆవిడకి పంపెయ్యండి” అన్నారు. పంపేశాం.

ఆ తర్వాతే తెలిసింది, మేం పెట్టుకున్న ఆ మాట చట్టం ముందు చెల్లదని. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వ్యాపారంగా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు, సరుకు పాడైనా, నకిలీదైనా, చూపించినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా, ‘వెనక్కి తీసుకోం, డబ్బివ్వం’ అనడానికి వీల్లేదు. రిటర్న్, రిఫండ్ షరతులు కొనేవాళ్లకి ముందే కనపడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కొన్నాక మనసు మారిందంటే మాత్రం తీసుకోవాలా వద్దా అన్నది అమ్మేవాళ్ల ఇష్టం. ఈ తేడా మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా పేజీలో తెలుగులో ఇలా రాసుకున్నాం. పెట్టె విప్పేటప్పుడు వీడియో తియ్యండి, అందిన రోజే పంపండి. విరిగిన డబ్బాలకి డబ్బు కావాలో, మళ్లీ సరుకు కావాలో మీరే చెప్పండి. తినే వస్తువు కాబట్టి వెనక్కి పంపక్కర్లేదు. డబ్బు మీరు కట్టిన ఖాతాకే వారంలో వేస్తాం. గోదావరికి వరదొచ్చి దారులు మూసుకున్న రోజుల్లో ఆర్డరు తీసుకునే ముందే ఫోన్ చేసి చెబుతున్నాం. ఇవి రాసుకున్నాక గొడవలు తగ్గాయి. ప్యాకింగ్ కూడా మార్చాం, విరిగితే నష్టం మాదే కాబట్టి.

ఆడవాళ్లు చేత్తో అల్లి అమ్మే నర్సాపురం లేసుకి మాత్రం ఇదే షరతు పనికిరాదు. లేసు తినే వస్తువు కాదు, తిప్పి పంపొచ్చు. కానీ ఫోన్‌లో మీగడ రంగులా కనపడింది చేతికొచ్చేసరికి పసుపుగా ఉందంటారు. ఎన్ని రోజుల్లో పంపాలి, ఉతికితే తీసుకుంటారా, తిరుగు కొరియర్ ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసుండాలి. రోజంతా తల వంచుకుని అల్లే ఆడవాళ్ల కష్టం ఆ ఖర్చు దగ్గరే కరిగిపోతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ ట్యాగ్) దక్కింది. మా అందరికీ గర్వమే. అయితే ఆ పేరు చూసి దూరం నుంచి కొనేవాళ్లు ఒక్కసారి మోసపోయామనుకుంటే, పోయేది ఒక్క దుకాణం పేరు కాదు, ఊరి పేరు.

అందుకే నా విన్నపం. జిల్లా పరిశ్రమల కేంద్రం, డ్వాక్రా సంఘాలను చూసే అధికారులు కలిసి, తినే వస్తువులకి ఒకటి, బట్టలకి, లేసుకి ఒకటి, నమూనా రిఫండ్ షరతులు తెలుగులో తయారుచేసి మండలాల్లో పంచాలి. కొనేవాళ్లకి 1915 హెల్ప్‌లైన్ ఉంది, అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు. మాలాంటి చిన్న అమ్మకందారులు అడగడానికి కూడా మండలంలో ఒక మనిషి ఉండాలి. దసరా ఆర్డర్లు మొదలయ్యేలోపు ఈ పని జరిగితే మాకెంతో మేలు.

– ఒక పాఠకురాలు, రావులపాలెం