తల దెబ్బకు ఐసు వైద్యం కాదు

సంపాదకులకు,

పర్లాకిమిడి, గుణుపురం వైపు కబడ్డీ, ఫుట్‌బాల్ పోటీల్లో పిల్లవాడి తల నేలకు కొట్టుకుంటే జరిగేది ఒక్కటే: నెత్తిన నీళ్లు, తువాలులో ఐసు, రెండు నిమిషాల్లో మళ్లీ కోర్టులోకి. తల చల్లబరిచే చికిత్స గురించి వింటున్నకొద్దీ ఆ ఐసుకే వైద్యమన్న పేరొస్తోంది.

ఆ చికిత్సపై, తల దెబ్బకు మెదడు అదిరిన (కంకషన్) స్వీడన్ ఐస్ హాకీ ఆటగాళ్లతో చేసి 2022లో వెలువరించిన అధ్యయనంలో వాడింది చల్లని ద్రవం తిరిగే టోపీ. తలకూ మెడకూ తొడిగి ముప్పావు గంటకు తగ్గకుండా ఉంచారు. మూడు వారాలకు మించి ఆటకు దూరమైనవాళ్లు టోపీ పెట్టినవారిలో తక్కువ. అయితే టోపీ ఎవరికన్నది చీటీలు తీసి తేల్చలేదు, కాబట్టి ఆ మేలు టోపీదేనని గట్టిగా అనలేం. పైగా వాళ్లు ఆటే జీవనంగా ఉన్న పెద్దవాళ్లు. పిల్లలపై జరిగినవి చిన్న ప్రయత్నాలే.

మన ఐసు బొప్పి తగ్గిస్తుంది, అంతే. ఆ చలువ పుర్రె దాటి మెదడుకు చేరదు. గుడ్డ చుట్టి 10-15 నిమిషాలు పెట్టండి. మెడకు ముందు పక్కల అదమకండి, గుండె వేగం పడిపోయి కళ్లు తిరగొచ్చు. అసలు చిక్కేమిటంటే, చల్లగా తగలగానే నొప్పి కాస్త తగ్గి పిల్లవాడు "బాగానే ఉంది సార్" అంటాడు. సార్ నమ్ముతారు. మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ పడితే వాపు వచ్చి, అరుదుగానైనా, ప్రాణం పోతుంది.

మెదడు అదిరిందన్న అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బందు. కబడ్డీలో బదులు ఆడేందుకు బయట కూర్చున్నవాళ్లు ఎందుకున్నట్టు? మెడ నొప్పి ఉంటే కదపకుండా 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి లేకపోతే, తికమక ఉందేమో చూడటానికి ఏ గ్రౌండులో ఉన్నాం, ఏ హాఫ్, చివరి పాయింటు ఎవరిదని అడగాలి, అదీ పిల్లవాడి ఇంటి భాషలోనే. సవర పిల్లను ఒడియాలో అడిగితే తడబాటు తలదో భాషదో తెలియదు.

మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, మత్తు, ఒకటి రెండుగా కనబడటం ఉంటే బరంపురమో శ్రీకాకుళమో, సి.టి. స్కాన్ ఉన్నచోటికి వెంటనే వెళ్లాలి. స్కాన్ బాగున్నంత మాత్రాన మర్నాడే ఆట కాదు. మెదడు అదురు స్కాన్‌లో కనబడదు. 24-48 గంటలు విశ్రాంతి, ఫోను తక్కువ, తర్వాత నడక, ఆపైన మెట్టుమెట్టుగా, మెట్టుకు కనీసం ఒక రోజు. ఒళ్లు తగిలే ఆట డాక్టరు సరేనన్నాకే.

పోటీలు నడిపేవారు ఈ లక్షణాలను తెలుగులో, ఒడియాలో చీటీగా అచ్చేసి, దెబ్బ తగిలిన పిల్లల ఇంటికి ఆ సాయంత్రమే పంపాలని కోరుతున్నాం.

- కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు, గజపతి జిల్లా, ఒడిశా