ఎస్‌పీ రోడ్డు దగ్గర కాఫీ హోటల్లో కలిసిన అన్నకు

శనివారం రాత్రి పదకొండున్నర దాటింది. పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ ఫ్యాను హోరుమంటోంది, ఇంకా 62 ఫ్రేములు తయారు కావలసి ఉంది. మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు కనుక అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అయినా రేపు నిద్రపోయి లేచాక కృతజ్ఞత చెప్పాలనుకున్న ఈ మాటలు ఇలాగే వస్తాయన్న నమ్మకం లేక ఇప్పుడే రాస్తున్నాను.

నేను బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఇంటి నుంచే యానిమేషన్ పని చేసుకుంటాను. ఎనిమిదో తరగతి పిల్లల కోసం కంటి నిర్మాణం మీద ఆరు నిమిషాల తెలుగు పాఠం తయారుచేసి సోమవారం ఉదయం పది గంటలకు అప్పగించాలి. సెకనుకు 24 చొప్పున మొత్తం 8,640 ఫ్రేములు, అందులో 3,100 మిగిలి ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తే బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేముకు 40 సెకన్లు చాలు. కార్డు లేకుండా ప్రాసెసర్ మీదే నడిపిస్తే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు, అంటే పందొమ్మిది రోజులు పడుతుంది. బుధవారం రాత్రి చివరి భాగం పరిశీలనకు పంపి ఖాళీగా ఉన్నాను కదా అని, నెలల తరబడి తెర మీద కనిపిస్తున్న సూచనకు సరేనని, నేను వాడే ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థను 22.04 వెర్షన్ నుంచి 24.04కు అప్‌గ్రేడ్ చేశాను. మళ్ళీ ఆన్ చేసినప్పుడు తయారీదారు ముద్ర కనిపించి మాయమైంది, ఆ తర్వాత నల్లటి తెర, ఎడమ వైపు పై మూలన మినుకుమినుకుమంటున్న ఒక చిన్న గీత మాత్రమే మిగిలాయి.

గురువారం పొద్దున్నే ల్యాప్‌టాప్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక ఒక అబ్బాయి యంత్రాన్ని లోపలికి తీసుకెళ్ళి, పది నిమిషాల్లో తిరిగి తెచ్చి, లినక్స్ అయితే తాము చూడమని, మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ వేయించుకుంటే అప్పుడు పరీక్షిస్తామని, బహుశా మదర్‌బోర్డు పోయి ఉంటుందని చెప్పాడు. పరీక్షించినందుకు రుసుము మాత్రం కట్టించుకున్నారు. ఏం పరీక్షించారని అడిగితే జవాబు లేదు. ఆ పది నిమిషాల్లో వాళ్ళు చేసిన పని ఏమిటో నాకు మరునాడు గాని తెలియలేదు. ఆ రాత్రి ఫోనులో తమ్ముడు చెబుతుంటే మరమ్మతుల కోసం ఉండే రికవరీ మోడ్‌లోకి వెళ్ళి, గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను, 535 శ్రేణిది, కొత్తగా వేశాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాను. రీబూట్ కాగానే ఎన్నడూ చూడని ఒక నీలి తెర వచ్చింది, భయపడి కంటిన్యూ అన్నదాన్ని నొక్కేశాను. మళ్ళీ అదే నల్ల తెర, అదే గీత.

శుక్రవారం ఉదయం ఎస్‌పీ రోడ్డులో కంప్యూటర్ దుకాణాలవాళ్ళకు చూపిద్దామని మార్కెట్ బస్సెక్కాను. ఎనిమిదిన్నరకే చేరాను, షట్టర్లు ఇంకా తెరవలేదు. పక్క సందులోని దర్శిని హోటల్లో నిలబడి తాగే రాతిబల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఏదో అద్భుతం జరుగుతుందన్నట్టు మళ్ళీ ఆన్ చేశాను. అదే బల్లకు అవతలి వైపు కాఫీ తాగుతున్న ఒకాయన తెర వైపు చూసి, “అప్‌గ్రేడ్ చేస్తివా అమ్మా?” అని తెలుగులో అడిగారు. భుజానికి సంచి, చేతిలో టిఫిన్ క్యారియర్, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో డేటా సెంటర్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగమట, రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సు మారడానికి అక్కడ దిగారట. కోలారు వైపు వారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువంతా కన్నడంలో సాగింది కనుక తెలుగు చదవడం రాదు. నేను సార్ అంటే, “సార్ ఏమొద్దమ్మా, అన్నా అను” అన్నారు. అందుకే ఇక్కడ కూడా అన్న అనే రాస్తున్నాను. పేరు రాయవద్దని ఆయనే కోరారు.

ఆ అన్న మొదట యంత్రాన్ని ముట్టుకోలేదు. ఏం మార్చావు, ఏ రోజు మార్చావు, ఆ తర్వాత ఏం కనిపించింది, ఎవరి చేతికి ఇచ్చావు అని ఒక్కొక్కటిగా అడిగారు. జేబులోంచి డ్యూటీ పట్టిక ముద్రించిన కాగితం తీసి, దాని వెనుక వైపు రోజుల వారీగా రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మాటలన్నీ తెలుగు, అక్షరాలు కన్నడం. రెండు లిపులూ చాలా దగ్గరగా ఉంటాయి కనుక కూడబలుక్కుని చదువుకోగలుగుతున్నాను. ఒక చోట “తాళంచెవి ఒప్పలేదు” అని రాసి కింద రెండు గీతలు గీశారు. కాఫీ లోటా పెట్టిన చోట గుండ్రటి మరక ఉంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నారు. మూడు రోజులుగా చచ్చిపోయిందనుకున్న యంత్రం లాగిన్ పేరు అడుగుతూ తెల్లటి అక్షరాలు చూపించింది. మదర్‌బోర్డు పోలేదని అక్కడే తేలిపోయింది. “నేను కొడితే అయిదు నిమిషాల పని, కానీ రేపు నేను ఉండను కదమ్మా, నువ్వే కొట్టు” అని ప్రతి ఆదేశాన్నీ నా చేతే టైపు చేయించారు, వచ్చిన ప్రతి సందేశాన్నీ నా చేతే పైకి చదివించారు. తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్ అనే భాగం రాసుకునే చిట్టా చివర “నో స్క్రీన్స్ ఫౌండ్”, అంటే తెరలేవీ దొరకలేదు అని ఉంది. డ్రైవర్‌ను కెర్నల్‌కు, అంటే వ్యవస్థకు గుండెలాంటి భాగానికి, తగ్గట్టు తయారుచేసే డీకేఎంఎస్‌ను స్టేటస్ అడిగితే డ్రైవర్ కొత్త 6.8 కెర్నల్‌కు సరిగానే తయారైందని చెప్పింది. అయితే కెర్నల్‌లోకి చేరవలసిన డ్రైవర్ భాగాన్ని, అంటే మాడ్యూల్‌ను, చేతితో ఎక్కించబోతే, “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్”, తాళంచెవి ఒప్పలేదు అంటూ తిరస్కరించింది.

ఇక్కడ ఆయన చెప్పినదంతా నాకు అర్థమైనంతలో రాస్తాను, ఎవరికైనా పనికి రావచ్చు. నా గ్రాఫిక్స్ కార్డు కంపెనీ ఎన్విడియా ఇచ్చే డ్రైవర్‌లో కెర్నల్‌తో కలిసి పనిచేసే మాడ్యూల్ లినక్స్ కెర్నల్‌లో భాగం కాదు, బయటి నుంచి వచ్చి చేరేది. కెర్నల్ లోపలి అమరిక ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు మారుతూనే ఉంటుంది, మారదని దాన్ని రాసేవారు ఏనాడూ మాట ఇవ్వలేదు. అందుకే కెర్నల్ మారినప్పుడల్లా ఆ మాడ్యూల్‌ను దానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేయాలి. ఆ పనిని దానంతట అదే జరిగేలా చేసే డీకేఎంఎస్‌ను 2003లో డెల్ ఇంజనీర్లు రాశారట. రెండేళ్ళ క్రితం నేను ఒక వీడియో చూసి, 525 శ్రేణి డ్రైవర్‌ను రన్ ఫైలుగా, అంటే నేరుగా నడిపించి వేసుకునే ఫైలుగా దింపుకుని, డీకేఎంఎస్‌లో నమోదు కాకుండా నేరుగా వేసుకున్నాను. అప్‌గ్రేడ్‌కు దాని ఉనికే తెలియదు. కొత్త కెర్నల్ వచ్చింది, దానికి సరిపడే మాడ్యూల్ మాత్రం రాలేదు. బుధవారం నాటి నల్ల తెరకు కారణం అదే, ఆ తప్పు పూర్తిగా నాదే.

గురువారం రాత్రి జరిగింది వేరు. మోక్‌యుటిల్ అనే ఆదేశంతో అడిగితే, సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు ఆన్‌లో ఉందని వచ్చింది. రెండేళ్ళ క్రితం డ్రైవర్ వేసుకున్నప్పుడు దాన్ని నేనే ఆపాను, మళ్ళీ ముట్టుకోలేదు. అన్న కాగితం వైపు చూసి, “సర్వీస్ సెంటర్ వాళ్ళు బయోస్ రీసెట్ చేసినట్టుంది, నీకు చెప్పలేదా?” అన్నారు. బయోస్ అంటే యంత్రం ఆన్ కాగానే మొదట నడిచేది, సెక్యూర్ బూట్ అమరిక అందులోనే ఉంటుంది. చెప్పలేదు. రుసుము కట్టించుకుని ఇచ్చిన చీటీలో కూడా ఆ సంగతి లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, తాను గుర్తించిన సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు నన్ను పాస్‌వర్డ్ అడిగింది ఆ సంతకం తాలూకు తాళంచెవిని నమోదు చేయడానికే. ఆ నీలి తెర వచ్చింది కూడా అందుకే. అది పది సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది, ఏమీ నొక్కకపోయినా, కంటిన్యూ నొక్కినా, నమోదు అభ్యర్థన రద్దయిపోతుంది.

నేనే చేతులారా పోగొట్టుకున్నానని అర్థం కాగానే నాకు ఏడుపు ఆగలేదు. చుట్టూ ఇడ్లీ తింటున్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ అన్న ఏమీ అనలేదు. చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను కింద పెట్టి, మెల్లగా నా పక్కకు వచ్చి, నేను గోడ వైపు తిరిగేలా, ఎవరికీ కనబడకుండా అడ్డంగా నిలబడ్డారు. కొంతసేపయ్యాక, “పది సెకన్లలో ఇంగ్లీషులో అడిగితే ఎవరికి తెలుస్తుందమ్మా, నేను మొదటిసారి ఆఫీసు సర్వర్ మీద ఇదే చేస్తి” అన్నారు. రాత్రంతా మేలుకుని, ఇంటికి పోయే బస్సు వదులుకుని, పేరు కూడా తెలియని మనిషి కోసం అలా నిలబడిన ఆయన్ను తలచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతోంది. మూడు రోజులుగా నన్ను అందరూ ఏం పాడుచేశావని అడిగారు. ఆయన ఒక్కరే అది నాకు తెలిసే వీలు లేదని గుర్తించారు.

సెక్యూర్ బూట్ ఆపేయడం సులువే గాని, ఇతరుల పనులు కూడా ఉండే యంత్రం కనుక తాళం తీసిపెట్టడం కంటే తాళంచెవి నమోదు చేసుకోవడమే మంచిదన్నారు. మోక్‌యుటిల్‌తో మళ్ళీ అభ్యర్థన పెట్టించారు. రీబూట్ అయ్యేలోపు ఏ వరుసలో ఏం నొక్కాలో కాగితం మీద చూపించారు: ఎన్‌రోల్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. నీలి తెర వచ్చింది. నా వేళ్ళు వణుకుతున్నాయి. “నిదానం, ఒక మీట నొక్కితే చాలు, లెక్క ఆగిపోతుంది” అన్నారు. ఆగిపోయింది.

అయినా అంతటితో తీరలేదు. మాడ్యూల్ ఎక్కింది, కానీ కార్డు స్థితిని చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ ఆదేశం నడిపితే డ్రైవర్ వెర్షన్‌కూ, దానితో కలిసి పనిచేసే లైబ్రరీ ఫైళ్ళ వెర్షన్‌కూ పొంతన లేదంది. కొత్త మాడ్యూల్ 535, పాత రన్ ఫైలు వదిలిన లైబ్రరీలు 525. ఆ పాతదాన్ని దాని సొంత అన్‌ఇన్‌స్టాల్ ఆదేశంతోనే తీసేసి, అది పోతూ పోతూ కొత్త ఫైళ్ళను కూడా చెరిపి ఉండవచ్చు కనుక డ్రైవర్ ప్యాకేజీలన్నీ మళ్ళీ దింపుకోవాలన్నారు. హోటల్లో నాకు నెట్ లేదు. ఆయన తన ఫోనుకు తీగ తగిలించి తన నెట్ ఇచ్చారు. మధ్యలో రోజు కోటా అయిపోవస్తోందని ఫోనుకు సందేశం వచ్చింది, నేను క్షమించమన్నాను. “ఇంటికి పోయి పడుకునేవాడికి నెట్ ఎందుకమ్మా” అని, మరో బై టూ కాఫీ చెప్పారు. రన్ ఫైలు రోజుల్లో ఎక్స్ కోసం రాసిపెట్టిన పాత అమరికల ఫైలును చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టించారు. పన్నెండుంపావుకు లాగిన్ తెర రంగులతో సహా వచ్చింది. నాకు నోట మాట రాలేదు. ఆయన గడియారం చూసుకుని, బస్సుందమ్మా అని వెళ్ళిపోయారు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

మావారు సెలవు పెట్టి పిల్లను చూసుకున్నారు, అత్తయ్యగారు మూడు రోజులూ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు, తమ్ముడు ఫోను పెట్టేయలేదు. వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఇన్ని లక్షల మంది కంప్యూటర్ పని చేసే ఈ నగరంలో, డబ్బు పెట్టి కొన్న యంత్రంలో మనకు నచ్చిన వ్యవస్థ వేసుకుంటే సర్వీస్ సెంటర్‌లో మనిషిగా కూడా చూడరు. యంత్రం పాడైందో లేదో తెలుసుకోవడానికి విండోస్ అవసరం లేదు, మూడు మీటలు నొక్కితే తెలిసిపోయింది. కనీసం ఏ అమరిక మార్చారో చీటీ మీద ఒక వాక్యం రాయవచ్చు. బ్రతుకుతెరువు పరికరాన్ని చేతికిచ్చినవారికి ఆపాటి సమాధానం ఇవ్వవలసిన బాధ్యత లేదా?

ఇంకొందరిని మరిచిపోయాను. బ్యాటరీ అయిపోతోందని చూసి గల్లాపెట్టె కింది ప్లగ్ పాయింట్ ఇచ్చి, రద్దీ వేళ ఒక బల్లను పూర్తిగా మాకు వదిలేసిన హోటల్ యజమానికి ధన్యవాదాలు. నా కాఫీ చల్లారిన ప్రతిసారీ అడగకుండానే మార్చిన కుర్రవాడికి కూడా. తిరుగు ప్రయాణంలో ల్యాప్‌టాప్ సంచిని ఒళ్ళో పెట్టుకున్న బస్సులోని పెద్దావిడకు. ఈ ప్యాకేజీలను కనిపెట్టుకుని ఉండేవారికి, వారెవరో నాకు తెలియదు. రెండో అంతస్తు పద్మక్కకు కూడా, గురువారం ఆటో డబ్బులు తనే ఇచ్చింది, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

అన్నా, మీరు ఇది చదవలేరని తెలుసు. కోలారు, ముళబాగిలు వైపు వారెవరైనా గుర్తుపడితే దయచేసి ఆయనకు చదివి వినిపించండి. ఆయన ఫోను తీగ నా సంచిలోనే ఉండిపోయింది, నల్లటిది, ఒక కొన దగ్గర ఎర్ర టేపు చుట్టి ఉంది. వచ్చే శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు అదే హోటల్లో, అదే బల్ల దగ్గర ఉంటాను.