ఏడు రోజుల పూల బొమ్మ

ఏరా, బాగున్నావా?

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. ఈ మూడు వారాలూ కాగితం ముందు కూర్చునే తీరికే దొరకలేదు. "ఆ కొండల్లో, అంత చిన్న ఊళ్ళో మీరు ముగ్గురూ ఏం చేస్తున్నార్రా, పలకరించే మనిషైనా ఉన్నాడా?" అని అడిగావు కదా. పోయినేడు అడిగి ఉంటే ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి బోలెడంత ఉంది. ఇది రాస్తుంటే కూడా నా గోళ్ళ సందుల్లో బంకమట్టి కనిపిస్తోంది, ఎంత కడిగినా పోలేదు.

మా ఊరు ఇంగ్లాండ్‌లోని డెర్బీషైర్‌లో, బేక్‌వెల్‌కి దగ్గర అని చెప్పాను కదా. ఇదంతా పీక్ డిస్ట్రిక్ట్. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదట నేషనల్ పార్కుగా ప్రకటించింది ఈ కొండల్నే. ఇళ్ళు రాతివి, గోడలు రాతివి, పొలాల గట్లు కూడా రాతివే. ఊరికి ఒక చర్చి, ఒక పబ్, ఒక చిన్న బడి, ఒక విలేజ్ హాల్. దీన్నంతా కలిపి పారిష్ అంటారు. వెనకటికి పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు. 1894లో చట్టం చేసి ఊరి పనులు చూసుకోవడానికి పారిష్ కౌన్సిళ్ళు పెట్టారు. మన గ్రామ పంచాయతీలాంటిదే కానీ అధికారాలు చాలా తక్కువ. బెంచీలు, ఆటస్థలం, బస్ షెల్టర్, నోటీసు బోర్డు, ఇలాంటివి చూసుకుంటారు. సభ్యులకి జీతం ఉండదు. మీటింగ్‌కి ఒకసారి వెళ్ళాను. బడి దగ్గర రోడ్డు మలుపులో పెరిగిన కంచె మొక్కల గురించి అరగంట మాట్లాడారు. నాకు మాత్రం అది బాగా నచ్చింది, ఎందుకంటే మా పాప రోజూ నడిచేది ఆ మలుపులోనే.

ఇక అసలు సంగతికి వస్తాను. జూన్ మొదట్లో మా తలుపు సందులోంచి ఒక చీటీ పడింది. "బావి అలంకరణకి చేతులు కావాలి. అనుభవం అక్కర్లేదు" అని రాసి ఉంది. వెల్ డ్రెస్సింగ్ అంటారు దాన్ని. డెర్బీషైర్‌లో చాలా ఊళ్ళలో మే నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కో ఊళ్ళో ఒక్కో వారం, బావుల దగ్గర, ఊటల దగ్గర, పాత కుళాయిల దగ్గర పూలరేకులతో చేసిన పెద్ద పెద్ద బొమ్మలు నిలబెడతారు. నీళ్ళకి కృతజ్ఞత చెప్పడమన్నమాట. పోయినేడు మేం దూరం నుంచి చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఈసారి చీటీ పట్టుకుని ముగ్గురం వెళ్ళాం.

అది ఎలా చేస్తారో నీకు వివరంగా చెప్పాలి, నువ్వైతే కళ్ళార్పకుండా చూసేవాడివి. తలుపంతేసి చెక్క పలకలుంటాయి, వాటినిండా మేకులు కొట్టి ఉంటాయి. ముందు ఆ పలకల్ని కొన్ని రోజులు ఏట్లో నానబెడతారు. పొడి చెక్క అయితే మట్టిలోని తడి లాగేసుకుంటుంది. తర్వాత బంకమట్టికి నీళ్ళు, ఉప్పు కలిపి తొక్కాలి. ఉప్పు ఉంటే తడి త్వరగా ఆరదట. ఆ పని నాకిచ్చారు. రబ్బరు బూట్లు తొడుక్కుని, మా పాపని కూడా దింపి, గంటన్నర తొక్కాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ అనేది కానీ, ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కున్నంత హాయి ఈమధ్య ఎప్పుడూ లేదురా. మన ఊళ్ళో ఇల్లు అలకడానికి మట్టి కలిపినప్పుడు వచ్చే వాసనే, అచ్చం అదే.

తొక్కిన మట్టిని పలక మీద మేకులు మునిగేదాకా పరుస్తారు, నున్నగా మెత్తుతారు. దాని మీద బొమ్మ గీసిన కాగితం పెట్టి, గీతల వెంట సూదితో పొడుచుకుంటూ పోతారు. కాగితం తీసేస్తే మట్టి మీద చుక్కల బొమ్మ మిగులుతుంది. మన ముగ్గు చుక్కల్లాగే. ఆ చుక్కల వెంట ఆల్డర్ చెట్టు నల్లటి చిన్న కాయలో, కాఫీ గింజలో గుచ్చి గీత కడతారు. ఆ గీతల మధ్య మిగిలిన చోటంతా పూలరేకులు. హైడ్రేంజియా రేకులు బాగా వాడతారు, అవి త్వరగా వాడవు. ఆకుపచ్చకి నాచు, ఆకులు. బూడిదరంగుకి రాళ్ళమీద పెరిగే లైకెన్. గొర్రె బొమ్మ వస్తే నిజం గొర్రె ఉన్ని. ప్లాస్టిక్ గానీ, రంగు పూసింది గానీ తాకనివ్వరు. ప్రకృతిలో దొరికిందే వాడాలి, అదీ నియమం.

రేకులు అంటించడానికి ఒక పద్ధతుంది. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కేటట్టు, మన పెంకుటింటి కప్పులాగా. అప్పుడు వాన పడినా నీళ్ళు జారిపోతాయి, మట్టిలోకి దిగవు. నేను తెలియక పై నుంచి మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని కిందికి జరిపి, తను రెండు రేకులు పెట్టి చూపించింది. ఆవిడకి ఎనభై దాటాయి. ఏడేళ్ళప్పటి నుంచీ ఏటా చేస్తోందట. ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు, పిలవమని ఆవిడే చెప్పింది కూడా. నాకు నోరు రాలేదురా. మూడు రోజులు పేరే ఎత్తకుండా మాట్లాడి, నాలుగో రోజు "మా దేశంలో మీ వయసు వాళ్ళని పేరు పెట్టి పిలవం" అని చెప్పేశాను. "మరేమని పిలుస్తారు?" అంది. "అమ్మమ్మా అంటాం" అన్నాను. ఇప్పుడు ఆవిడ నన్ను చూడగానే తనే "అమ్మమ్మ" అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటుంది. మా పాపకైతే నిజంగా అమ్మమ్మే అయిపోయింది.

ఈ ఆచారం ఎప్పటిదని ఆవిడనే అడిగాను. టిస్సింగ్టన్ అని దక్షిణాన ఒక ఊరుంది, అక్కడ ఈస్టర్ అయిన నలభయ్యో రోజు, గురువారం నాడు బావుల్ని అలంకరిస్తారు. 1349 ప్రాంతంలో నల్లచావు అనే మహమ్మారి దేశాన్ని ఊడ్చేసినప్పుడు ఆ ఊరు మాత్రం బతికిందని, అది తమ బావుల్లోని స్వచ్ఛమైన నీటి చలవేనని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఇంకొందరు 1615 నాటి కరువు కథ చెబుతారు, చుట్టుపక్కలంతా ఎండిపోయినా ఆ ఊరి బావులు ఎండలేదని. మాకు ఇంకా దగ్గర్లో యూల్‌గ్రేవ్ అనే ఊరుంది. వాళ్ళ కథ నాకు ఇంకా నచ్చింది. అక్కడ నీళ్ళ కోసం కొండ దిగి ఏటి దాకా వెళ్ళి మోసుకురావాల్సి వచ్చేదట. 1829లో గొట్టం వేసి ఊరి నడిబొడ్డుకి నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ రాతి తొట్టి ఇప్పటికీ ఉంది, ఊరికి సొంత నీళ్ళ కంపెనీ కూడా ఇప్పటికీ ఉంది. మన అమ్మలు ఊరి చివర బావి నుంచి రెండేసి బిందెలు మోసిన రోజులు గుర్తున్నాయి కదా. మన వాడకి మొదటిసారి నల్లా వచ్చిన రోజు మీ అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఆ మాట చెబితే టేబుల్ దగ్గరున్నవాళ్ళంతా పని ఆపి విన్నారు.

ఇంక బతుకమ్మ గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది చెప్పు. తెల్లారకముందే ఇద్దరం సంచులు పట్టుకుని గునుగు కోసం చేల గట్ల మీద పడి తిరగడం, తంగేడు కోసం ఆ గుట్ట దాకా పోవడం, నీ కాలికి ముల్లు దిగిన ఏడాది నిన్ను మోసుకురావడం. మా అక్క పళ్ళెంలో ఆకులు పరిచి వరస మీద వరస పేరుస్తుంటే మనం పూలు అందించేవాళ్ళం. పూలు పేర్చడం, ఊరంతా చూడటం, చివరికి నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళడం. ఇక్కడ ఆ రేకులు గుచ్చుతూ కూర్చుంటే నా చేతులకి ఇది కొత్త పని అనిపించలేదు. మా ఆవిడైతే మొదటి గంటలోనే అందరికంటే వేగంగా చేసింది. ఆమెకి తెలియని పనా అది!

పనంతా ఒక పాత రాతి కొట్టంలో జరుగుతుంది, లోపల చల్లగా ఉంటుందని. రేకులు వాడతాయి కాబట్టి ముందే చేసి పెట్టుకోవడం కుదరదు, చివరి మూడు రోజుల్లోనే పూర్తి చేయాలి. బుధవారం నుంచి ఆఫీసు అయ్యాక వచ్చేవాళ్ళు, బడి అయ్యాక వచ్చే పిల్లలు, టీ పెట్టేవాళ్ళు. ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, అందుకని ఎవరూ గడియారం చూడరు. నేను చెస్టర్‌ఫీల్డ్‌లో డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. శుక్రవారం రాత్రి పన్నెండుమంది కలిసి ఆ బరువైన పలకల్ని మోసుకెళ్ళి ఊట దగ్గర నిలబెట్టాం. మట్టితో కలిపి ఎంత బరువుంటాయో! ఎక్కడ జారిపోతుందోనని నాకు ఒకటే టెన్షన్.

శనివారం పొద్దున వికార్, అంటే ఊరి చర్చి పూజారి, వచ్చి దీవించింది. అవును, ఆడమనిషే. ఇంగ్లాండ్ చర్చిలో 1994 నుంచి ఆడవాళ్ళు కూడా పూజారులవుతున్నారు. ఆవిడ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ చర్చిలూ ఒక్కతే చూసుకుంటుంది. ముందు బ్రాస్ బ్యాండ్, వెనక ఆవిడ, వెనక ఊరంతా. ఒక్కో ఊట దగ్గరా ఆగి పాట పాడి, ప్రార్థన చేసి ముందుకి. నీళ్ళకి దండం పెట్టుకోవడానికి నాకేం అడ్డు చెప్పు. నేనూ చేతులు జోడించాను.

మధ్యాహ్నం ఆటస్థలంలో తిరునాళ్ళు. ఫేట్ అంటారు. లాటరీ చీటీలు, తాడు లాగుడు, పాత సామాన్ల దుకాణం, మొక్కల దుకాణం, కేకుల పోటీ. విక్టోరియా స్పాంజ్ అనే కేకుకి ఎంత పట్టింపో, మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్ మాత్రమే ఉండాలి, పైన పలచగా చక్కెర చల్లాలి, క్రీమ్ పెడితే మార్కులు పోతాయి. మా ఆవిడ నువ్వుల లడ్డూలు చేసి అమ్మకానికి ఇచ్చింది. ఇక్కడ ఒంటికి పడనివాళ్ళు ఉంటారని పద్నాలుగు పదార్థాల జాబితా ఒకటుంది, అందులో నువ్వులు కూడా ఉన్నాయి. అందుకని పాప అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. గంటలో అయిపోయాయి. అన్నిటికంటే నాకు వింతగా అనిపించింది కొబ్బరికాయల ఆట. కర్రల మీద కొబ్బరికాయలు నిలబెట్టి దూరం నుంచి బంతితో కొట్టాలి, పడగొడితే కాయ నీదే. కొబ్బరిచెట్టు మొలవని దేశంలో! పాప ఒకటి గెలుచుకుంది. ఆదివారం పొద్దున దేవుడి దగ్గర కొట్టి, ఒక చిప్ప తీసుకెళ్ళి అమ్మమ్మకి ఇచ్చొచ్చాం.

ఆగస్టు చివరి ఆదివారం ఈమ్ అనే ఊరికి వెళ్ళాలనుకుంటున్నాను. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన గుడ్డల మూటతో ప్లేగు ఆ ఊళ్ళోకి వచ్చిందంటారు. మరుసటేడు వికార్ విలియం మాంపెసన్, ఆయనకి ముందున్న థామస్ స్టాన్లీ కలిసి చెబితే, ఊరు దాటి ఎవరూ బయటికి పోకూడదని ఊరివాళ్ళు ఒప్పుకున్నారు. పక్క ఊళ్ళవాళ్ళు పొలిమేర రాళ్ళ దగ్గర తిండి పెట్టి పోతే, వీళ్ళు దాని డబ్బుగా, రోగం అంటకుండా వెనిగర్‌లో నాణేలు వేసి ఉంచేవాళ్ళు. దాదాపు 260 మంది చనిపోయారని చెబుతారు. మాంపెసన్ భార్య కూడా పోయింది. ఏటా ఆ ఆదివారం జనం వాళ్ళని తలుచుకుంటారు. కోవిడ్ వార్డు పక్కన పనిచేసినవాణ్ణి, ఆ రాయి దగ్గర ఒకసారి నిలబడాలని ఉంది.

బొమ్మ వారం రోజులే ఉంది. అయిదో రోజుకి రేకులు ముడుచుకుపోయాయి, ఎండకి మట్టి అక్కడక్కడ పగిలింది. ఏడో రోజు పలకలు దింపి, మట్టి గీకి, కడిగి కొట్టంలో పెట్టేశాం. ఆ రోజు అమ్మమ్మ నాతో ఒక మాట అంది. టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువట. ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగిపోయాయి, చాలా ఇళ్ళు సెలవులకి వచ్చేవాళ్ళవి, చలికాలం దీపం వెలగదు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇక్కడ ఇల్లు కొనుక్కోలేక వెళ్ళిపోతున్నారు. నాకు చాలా బాధనిపించింది. మన వీధిలో తాళాలు పడ్డ ఇళ్ళు లెక్కపెడుతూ నువ్వు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. వచ్చే ఏడాది కూడా వస్తానని ఆవిడకి మాటిచ్చాను.

అందుకే నీకో పని చెబుతున్నాను. వచ్చే ఏటి బొమ్మకి ఆలోచనలు చెప్పమని కమిటీ వాళ్ళు అడిగితే, మా ఆవిడ బతుకమ్మ గురించి చెప్పింది. చిన్న పలక మీద, పిల్లల ఊట దగ్గర వేద్దామన్నారు. మీ అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది కదా, తనతో గీయించి పంపు. చెరువు గట్టు, మధ్యలో బతుకమ్మ, చుట్టూ ఆడవాళ్ళు. గీతలు ఎక్కడా తెగకూడదు, ప్రతి గీతా చుట్టూ తిరిగి కలవాలి, లేకపోతే రేకులు ఎక్కడ ఆపాలో తెలియదు. మొహాల్లో కళ్ళూ ముక్కూ వద్దు, అంత సన్నని పని పూలతో రాదు. తంగేడు పసుపుకి ఇక్కడ బటర్‌కప్ పూలున్నాయి. గునుగుకి సరిపోయేది ఏమిటో ఇంకా దొరకలేదు. రంగులు అద్దడం కుదరదు కాబట్టి మామూలు తెల్ల గునుగే కావాలి. ఈసారి గుట్ట వైపు వెళ్ళినప్పుడు ఒక గునుగు కంకిని దగ్గర నుంచి ఫొటో తీసి పంపు, అమ్మమ్మకి చూపిస్తాను. ఏ మొక్క అలా ఉంటుందో ఆవిడకే తెలుస్తుంది.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
బాల్య స్నేహితుడు