మంచులో మడి తొక్కాను

అల్లూరు,
సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు

ఒరేయ్ రాఘవా,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం కార్తీకంలో వచ్చింది, ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు కాగితం ముందు కూర్చున్నాను. మొదటిసారి తుపాను గాలికి కరెంటు పోయింది. రెండోసారికి సాకు ఏమీ లేదు. రెండో గంట కొట్టాకే బడికి బయలుదేరిన వాణ్ణి, ఇప్పుడు మారతానా? ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నాట్లు అయిపోయాయి. పెద్దదాని సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఎందుకంటే అసలు విషయం ఆగడం లేదు.

నేను స్కీయింగ్ చేశాను. నవ్వకు. సరే, నవ్వు.

మా బావమరిది డిసెంబరు రెండో వారానికి గుల్‌మార్గ్ ప్రయాణం పెట్టాడు. సీజను మొదట్లో జనం తక్కువ, గదుల అద్దె తక్కువ అని వాడి లెక్క. మంచు కూడా తక్కువేనన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు ఉంటుంది. టంగ్‌మార్గ్ దగ్గర జీపు చక్రాలకు గొలుసులు కడతారని దారంతా ఊరించాడు. తీరా అక్కడికి వెళితే డ్రైవరు గొలుసుల వంక చూడనైనా చూడలేదు. రోడ్డు మన కావలి రోడ్డులాగే పొడిగా ఉంది. అనుమానం అప్పుడే రావాల్సింది.

పైన 2,650 మీటర్ల ఎత్తులో ఎండుగడ్డి మైదానం, దాని మీద సున్నం చిందినట్టు తెల్లటి మరకలు. తీగల మీద కొండెక్కే గది, గొండోలాలో రెండో అంచె ఎక్కితే, దాదాపు 3,950 మీటర్ల దగ్గర, అఫర్వత్ కొండ మీద మోకాలి లోతు మంచు ఉంది. కానీ అక్కడ జారడం ఆరితేరినవాళ్ళ పని. బావమరిది ఎక్కి, ఫోటో తీయించుకుని, తలనొప్పితో దిగివచ్చాడు.

మాకు నేర్పినాయన కశ్మీరీ, అరవై దాటి ఉంటాయి. ఫెరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్డీ కుంపటి పెట్టుకుని మమ్మల్ని ఒక్కొక్కరినీ పరకాయించి చూశాడు. డిసెంబరు 21న చిల్లై కలాన్, అంటే గడ్డు చలి, మొదలవుతుందట, 40 రోజులు. అసలు మంచు అప్పుడు. "పెళ్ళి ఇంకా వారం ఉండగానే భోజనాలకు వచ్చారు" అన్నాడు. మనకు వాన తూర్పున బంగాళాఖాతం పంపిస్తే, వాళ్ళకు మంచు పడమటి నుంచి, ఎక్కడో మధ్యధరా సముద్రం మీద పుట్టిన మేఘాలతో రావాలి. నవంబరులో ఒకసారి వచ్చి పోయాక మూడు వారాలుగా ఆకాశం బోసిగా ఉందట.

చివరికి ఫిర్ చెట్ల నీడలో ఎండ తగలని చిన్న వాలు ఒకటి వెతికాడు. బెత్తెడు మంచు ఉంది, గడ్డి కొసలు పైకి పొడుచుకొస్తున్నాయి. జారడం తరువాత, ముందు తొక్కండి అన్నాడు. కాళ్ళకు కట్టిన స్కీ పలకలు వాలుకు అడ్డంగా పెట్టి పక్క అడుగులు వేస్తూ పైకి పోవాలి, మళ్ళీ అలాగే కిందికి రావాలి. మంచు పొడిపొడిగా ఉంటే పలక దిగబడి రాయికి తగులుతుంది. తొక్కితే అణిగి, రాత్రి చలికి గడ్డకట్టి, తరువాత పడేదాన్ని మోస్తుంది. పెద్ద వాలుల మీద ఈ పని యంత్రాలు చేస్తాయి. ఇక్కడ యంత్రాలం మేమే.

రాఘవా, అది మడి తొక్కుడు రా! వానలు వెళ్ళాక నీళ్ళు తీసేసి, అడుసు ఆరీ ఆరకముందే ఇసకపల్లి ఉప్పు మడుల్లో వరసగా నిలబడి తొక్కేవాళ్ళం కదా. అడుగు పక్కన అడుగు. మధ్యలో వేలెడు సందు వదిలితే మా నాన్న ఏమీ అనేవాడు కాదు, అక్కడికే వచ్చి నిలబడేవాడు. మడి అడుగు భాగం మెత్తగా ఉంటే ఉప్పులో మట్టి కలుస్తుంది. నాకు కాళ్ళు చెప్పేశాయి. ఢిల్లీ కుర్రాళ్ళు రెండు వరసలకే ఒగరుస్తూ కూలబడితే, నలభై తొమ్మిదేళ్ళ నేను ఏడో వరసలో ఉన్నాను. ఒక్క సందు లేదు!

ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగాడు. మధ్యమలో తప్పిన నా హిందీ సంగతి నీకు తెలుసు. "నమక్, నమక్" అని కాళ్ళు ఆడించి చూపించాను. ఆయన తల ఊపి, ఫ్లాస్కు తీసి, గులాబీ రంగు టీ పోసి ఇచ్చాడు. నిజంగానే ఉప్పు టీ! నూన్ చాయ్ అంటారు. నూన్ అంటే ఉప్పేనట. రెండు కప్పులు తాగాను. నాన్న ఉంటే...

సరే. తరువాత ఆయన ఊతకర్రతో తొక్కని చోట తవ్వి, అడుగు నుంచి గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. అచ్చం కల్లుప్పు రా. పిడికిలి బిగిస్తే ముద్ద కాకుండా వేళ్ళ సందుల్లోంచి జలజలా రాలిపోయింది. ముందుగా పడిన పలచటి మంచు ఇలా అవుతుందట. నేల వెచ్చగా, పైన గాలి చల్లగా ఉండేసరికి అడుగునుంచి ఆవిరి పైకి పోతూ మంచును పలుకులు పలుకులుగా మార్చేస్తుంది. జనవరిలో నాలుగడుగుల మంచు పడితే, అదంతా ఈ పలుకుల మీద కూర్చుంటుంది. పైన కొండల్లో వీటిని తొక్కేవాళ్ళెవరు? ఒక్కోసారి మొత్తం జారిపోతుంది. అది చెబుతూ ఆయన అఫర్వత్ వైపు చూశాడు. సునామీ తరువాత మనం సముద్రం వైపు చూసిన చూపు అది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

జారానా అంటావు. జారాను, పది సెకన్లు. నేను తొక్కిన చోట ఎడ్లబండిలా నిదానంగా వెళ్ళాను. ఆ చివర ఢిల్లీ కుర్రాళ్ళు తొక్కిన భాగం వచ్చింది. పలక కింద కర్రుమంది, ఆపైన పోతురాజు గేదె. అర్థమైంది కదా? సరిగ్గా అలాగే, కాళ్ళు ఆకాశంలోకి! పలక అడుగున మూరెడు గీత పడిందని అద్దెకిచ్చినవాడు 500 రూపాయలు పట్టుకున్నాడు. తొక్కనివాళ్ళను వదిలేసి తొక్కినవాడి దగ్గర వసూలు చేయడం ఏమి న్యాయం?

ఇది ఇసకపల్లిలో మడి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తొక్కుడు ఈ రోజే మొదలైంది, కూలీలతో నేనూ దిగాను. అలవాటైపోయి పక్క అడుగులు వేస్తుంటే అన్నయ్య "ఏమిట్రా ఆ ఎండ్రకాయ నడక" అన్నాడు. గుల్‌మార్గ్‌లో ఇలాగే అని మొదలుపెట్టానో లేదో వాడు అవతలి గట్టుకు వెళ్ళిపోయాడు. ఇంతవరకు ఒక్కడూ పూర్తిగా వినలేదు, అందుకే నీ మీద పడ్డాను. ఇంకా గొండోలాలో బావమరిది టోపీ సంగతి చెప్పలేదు, అది

అన్నయ్య కేకలేస్తున్నాడు. నేను దిగిన మడిలో సందు కనబడిందట!

నీ
శీను