అచ్చంగా కుదిస్తే ఇంజన్ అందుకోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత రేసు బళ్ళ చిన్న నమూనాల మీద వేసిన ఐటెమ్ చదివా, ఫోటోలు బాగున్నాయి, కాకపోతే ఒక మాట దగ్గర ఆగిపోయా. అసలు బండిని అచ్చంగా పావు సైజుకి కుదిస్తే చాలు ఇంజన్ కూడా అలాగే నడుస్తుంది అన్నట్టు రాశారు. నాలుగేళ్ళుగా పావు సైజు మాంక్స్ నార్టన్‌తో కుస్తీ పడుతున్నవాణ్ణి, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

మాంక్స్ అంటే బర్మింగ్‌హామ్‌లో నార్టన్ కంపెనీ తయారు చేసిన సింగిల్ సిలిండర్ రేసు మోటార్‌సైకిల్. 1950లో నార్టన్ ఫ్యాక్టరీ రేసు బళ్ళకి ఫెదర్‌బెడ్ అనే కొత్త ఫ్రేమ్ వచ్చింది, ఆ ఏడే జెఫ్ డ్యూక్ దాని మీద ఐల్ ఆఫ్ మాన్‌లో సీనియర్ టీటీ రేసు కొట్టాడు. నేను చేసేది తర్వాత వచ్చిన షార్ట్ స్ట్రోక్ 500, బోర్ అంటే సిలిండర్ లోపలి వెడల్పు 86 మి.మీ., స్ట్రోక్ అంటే పిస్టన్ కదిలే దూరం 85.6. పావు చేస్తే 21.5, 21.4, బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ సీసీ పావు అవ్వదు, 64లో ఒక వంతు అవుతుంది, అంటే 498 సీసీ కాస్తా 7.8కి దిగిపోయింది. సిలిండర్ గోడేమో 16లో ఒక వంతు దాకానే తగ్గుతుంది. అంటే లోపలున్న ఆ కాస్త మంటకి చుట్టూ గోడ నాలుగింతలు ఎక్కువ, మంట అంటుకునేలోపే వేడంతా ఇనుము లాగేసుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడానికి నేను పడే పాట్లకి సగం కారణం ఇదే.

పెట్రోల్ తుంపర కూడా అంతే, కార్బురేటర్‌ని కుదించాం కదా అని అదీ కుదించుకోదు. కాబట్టి నా కార్బురేటర్ బయటికి అసలు బండికుండే ఏమల్ జీపీ లాగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఒక్క సూది, ఒక్క కన్నం. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో అయితే ఉత్త డొల్ల, కాయిలూ బ్యాటరీ స్టాండు కింద పెట్టెలో దాక్కున్నాయి. మోసమే అంటారా, అనండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మెగాఫోన్, అంటే చివర గరాటులా వెడల్పయ్యే ఎగ్జాస్ట్ పైపు. అసలు బండిలో అది అందానికి పెట్టింది కాదు, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక ప్రెషర్ అల పైపులో చివరిదాకా పోయి తిరిగొస్తుంది, అది సరైన టైముకి వస్తే సిలిండర్‌లో మిగిలిన పొగని బయటికి లాగేసి కొత్త గ్యాసుకి దారిస్తుంది. 7,000 ఆర్పీఎమ్ దగ్గర పట్టే పైపు అనుకుందాం. పైపు పొడవు పావు చేశా, శబ్దం వేగం మాత్రం పావు అవ్వదు కదండీ, అల నాలుగింతలు ముందే వచ్చేస్తుంది, అంటే ఆ పైపు పని చేయాలంటే నా బుల్లి ఇంజన్ 28,000 తిరగాలి! అంత తిరిగితే ముందు వాల్వులు తెరిచే కామ్‌ని తిప్పే బెవెల్ గేర్ల పళ్ళు రాలతాయి. రేసు కామ్‌దీ ఇదే తంతు, రెండు వాల్వులూ ఒకేసారి చాలాసేపు తెరుచుకుని ఉంటాయి కాబట్టి నెమ్మదిగా తిప్పితే ఇంజన్ దగ్గుతుంది, చివరికి ఆ కామ్ పక్కన పడేసి మెత్తటి ప్రొఫైల్‌తో ఇంకోటి కోసుకున్నా.

మొదటిసారి నలభై సెకన్లు ఆడి పిస్టన్ పట్టేసింది. తప్పు నాదే, పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు కూడా లెక్క ప్రకారం పావు చేశా, అంటే 0.02 మి.మీ., అందులో సగం నా లేత్ వంకరే తినేసింది. బండి పావు అయింది గానీ లేత్ చేసే తప్పు పావు అవ్వదు, ఈ ముక్క ఏ డ్రాయింగులోనూ రాసుండదు.

ఇక అచ్చంగా దించగలిగేది పైపైన కనిపించేదే. ఇంజన్ చల్లబడడానికి చుట్టూ ఉండే ఫిన్‌లు అరమిల్లీమీటరు మందం, కోస్తుంటే మూడు విరిగాయి. 19 అంగుళాల చక్రం ఐదు అంగుళాల లోపుకి వచ్చేసింది, స్పోక్ నిపుల్స్ ముక్కుపుడక మరంత ఉంటాయి, నేల మీద పడితే ఇక ఆశ వదులుకోవడమే. నాది ఒక్క సిలిండర్ కాబట్టి సరిపోయింది, 1955లో వచ్చిన మోటో గుజ్జీ వీ8 రేసు బండికి ఎనిమిది సిలిండర్లు, ఒక్కోటి 44 మి.మీ. బోర్, పావు చేస్తే 11, అది చేసి స్టార్ట్ చేసేవాళ్ళు ఎవరున్నా వాళ్ళకో దణ్ణం.

నేనడిగేది చిన్నదే. ఇలాంటి ఫోటో వేసినప్పుడు కింద ఒక్క లైను రాయండి, అది సొంతంగా మండి తిరిగే ఇంజనా, చేత్తో తిప్పితే తిరిగేదా, లోపల కరెంటు మోటార్ దాచిందా అని. మూడూ గొప్పవే, కానీ మూడింటి వెనక పని వేరు, అన్నిటికీ కలిపి నడిచే నమూనా అని పెట్టేస్తే చేసినవాడికే అన్యాయం. నాది ప్రస్తుతం వెనక చక్రాన్ని డ్రిల్‌తో తిప్పితే అందుకుంటుంది, రెండు నిమిషాలు ఆడి వేడెక్కి ఆగిపోతుంది, కావాలంటే ఫోటో పంపిస్తా గానీ కింద "అచ్చం" అని మాత్రం వేయకండి.

ఇట్లు,
మీ పాఠకుడు