కొబ్బరి పాలలో నూనె తేలే దాకా

ప్రియ మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. థాయ్ వంటలు ఇంట్లోనే చేయడం మొదలుపెడుతున్నావని చదివి చాలా సంతోషించాను. ఏయే సీసాలు కొనాలో రాయమని అడిగావు. చేప సాస్ సీసా ఒక్కటి కొనుక్కో, చాలు. కూర ముద్దల సీసాల జోలికి మాత్రం పోవద్దు. నాలుగైదు సీసాలు తెచ్చి నాలుగైదు వంటకాలు పైపైన చేయడం కంటే, గేంగ్ ఖియావ్ వాన్ అని థాయ్‌లాండ్‌లో పిలిచే పచ్చ కూర ఒక్కదాన్ని ముద్ద నూరడం దగ్గర నుంచి నీ చేతులతోనే చేస్తే, ఆ వంటలోని అసలు కిటుకులు అక్కడే పట్టుబడతాయని నా గట్టి నమ్మకం.

నలుగురికి సరిపడా కూరకు పదిహేను ఘాటైన పచ్చిమిరపకాయలు, రెండు నిమ్మగడ్డి కాడల అడుగున ఉండే తెల్లటి భాగం, బొటనవేలంత దుంపరాష్ట్రం, ఐదారు కొత్తిమీర వేళ్లు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, నాలుగైదు సాంబారు ఉల్లిపాయలు, పెద్ద చెంచాడు ధనియాలు, చిన్న చెంచాడు జీలకర్ర, పది తెల్ల మిరియాలు, కాస్త నిమ్మ తొక్క తురుము, ఉప్పుతో పులియబెట్టి చేసే రొయ్యల ముద్ద చిన్న చెంచాడు కావాలి. దుంపరాష్ట్రానికి బదులు అల్లం వేయవచ్చని చాలామంది చెబుతారు గాని, నేను ఒప్పుకోను. అల్లంలో ఉన్నది వెచ్చటి ఘాటు, దుంపరాష్ట్రంలో ఉన్నది కర్పూరాన్ని తలపించే చల్లటి పరిమళం. పచ్చి దుంప దొరకకపోతే మూలికల దుకాణంలో ఎండుది అడిగి తెచ్చుకుని, వేడి నీళ్లలో బాగా నానబెట్టి వాడుకో. కొత్తిమీర వేళ్ల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. విదేశాలలో చాలా దుకాణాలు వేళ్లు కోసేసిన కట్టలనే అమ్ముతాయి. మన రైతుబజారులో కట్ట వేళ్లతో సహా వస్తుంది, మనమే కోసి పారేస్తున్నాం. ఆకులో లేని మట్టి వాసన, గాఢత ఆ వేళ్లలో ఉన్నాయి. ఇక తెల్ల మిరియాలు ఎందుకని అనుకుంటావేమో. మిరపకాయ ఆ దేశానికి పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల కాలంలో చేరింది. అంతకుముందు వంటకు కారమిచ్చినది మిరియమే, ఇప్పటికీ ముద్దలో దాని చోటు దానిదే.

నూరడంలో వరుస తప్పకూడదు. వేయించిన ధనియాలు, జీలకర్ర, మిరియాలను ముందుగా పొడి చేసి తీసి పక్కన పెట్టుకో. తరువాత రోటిలో మిరపకాయలను రాళ్ల ఉప్పుతో నూరి, అవి నలిగాక పీచు ఎక్కువగా ఉండే నిమ్మగడ్డినీ దుంపరాష్ట్రాన్నీ సన్నగా తరిగి వేసి, ఆపైన నిమ్మ తొక్కనూ కొత్తిమీర వేళ్లనూ చేర్చి, నీరు ఊరే వెల్లుల్లినీ ఉల్లిపాయలనూ చివరికి వేయాలి. గట్టివి ముందు, తడివి తరువాత అన్నదే సూత్రం. పొడినీ రొయ్యల ముద్దనూ కలపడం అన్నిటికంటే ఆఖరు. మిక్సీ తిరగాలంటే నీళ్లు పోయాలి, నీళ్లు పోసిన ముద్ద బాణలిలో వేగదు, ఉడుకుతుంది. మిక్సీ తప్పదనుకుంటే నీళ్లకు బదులు రెండు చెంచాల కొబ్బరి పాలు పోసుకో.

ఇప్పుడు చెప్పబోయేదే ఈ ఉత్తరానికి ప్రాణం. ముదురు కొబ్బరి తురుములో కొద్దిగా గోరువెచ్చని నీళ్లు పోసి పిండిన మొదటి పాలను వేరుగా, మళ్లీ నీళ్లు పోసి పిండిన రెండో పాలను వేరుగా ఉంచు. మొదటి పాలను కాసేపు కదపకుండా ఉంచితే పైన చిక్కటి మీగడ తేరుకుంటుంది. ఆ మీగడను వెడల్పాటి బాణలిలో పోసి, మధ్యస్థమైన మంట మీద, తొందరపడకుండా కలుపుతూ ఉంటే నీరు ఇగిరిపోయి నూనె అంచుల వెంట మెరుస్తూ విడిపోతుంది. ఆ నూనెలోనే ముద్దను వేయించాలి. పోపు లేదు, వేరే నూనె లేదు, పసుపు అసలే లేదు. పచ్చి వాసన పోయి, ముద్ద చుట్టూ ఆకుపచ్చని నూనె తేలే దాకా మరేదీ వేయకు. డబ్బా పాలతో ఇది చాలాసార్లు కుదరదు, ఎందుకంటే పాలు విడిపోకుండా ఉండేందుకు తయారీదారులు వాటిలో చిక్కదనాన్ని నిలిపే పదార్థాలు కలుపుతారు. డబ్బా తప్పనప్పుడు పెద్ద చెంచాడు కొబ్బరి నూనెలో ముద్దను వేయించి, తరువాత పాలు పోసుకోవడమే మార్గం.

ఆ తరువాత పని తేలిక. కోడి ముక్కలను ముద్దలో కలిపి రెండు నిమిషాలు వేయించి, రెండో పాలు పోసి, నాలుగు చెక్కలుగా కోసిన గుండ్రటి పచ్చ వంకాయలనూ, దొరికితే ఉస్తికాయలనూ వేసి ఉడికించు. థాయ్‌లాండ్‌లో ఈ కూరలో వేసే బఠాణీ గింజంత వంకాయలు ఇవే. పరిమళానికి ఇందులో మక్రూట్ అనే నిమ్మ రకం ఆకులు వేస్తారు. అవి దొరకకపోతే, మనం మజ్జిగలో వేసుకునే దబ్బాకు వాటికి దగ్గరగా ఉంటుంది. ఉప్పుకు బదులు చేప సాస్, తీపికి కాస్త తాటి బెల్లం వేసి, పొయ్యి కట్టేశాక, సోంపు వాసన వేసే హోరఫా అనే మొక్క ఆకులు గుప్పెడు కలుపు. సబ్జా గింజలు కుండీలో చల్లితే మొలిచే మొక్క హోరఫా జాతిదే. సోంపు వాసన కొంచెం తక్కువ ఉన్నా పని నడుస్తుంది. చేప సాస్ అంటే చిన్న చేపలను ఉప్పులో ఏడాదికి పైగా ఊరబెట్టి వడకట్టిన ద్రవం. సీసా మూత తీయగానే వచ్చే వాసనకు వెనకడుగు వేయకు, వేడి తగిలాక అది కమ్మగా మారుతుంది. మీ ఇంట్లో శాకాహారం తినేవారికి చేప సాస్ బదులు పలుచటి సోయా సాస్, రొయ్యల ముద్ద బదులు మరికొంచెం ఉప్పు, కోడి బదులు పుట్టగొడుగులు వేసి విడిగా చెయ్యి.

2024 డిసెంబరులో యునెస్కో తన మానవాళి వారసత్వ జాబితాలో చేర్చిన తోమ్ యమ్ కుంగ్ అనే రొయ్యల చారు గురించి కూడా అడిగావు. పచ్చ కూర కుదిరాక అది నీకు కష్టమనిపించదు. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, నిమ్మ ఆకులు అందులో నూరకుండా చితక్కొట్టి వేస్తారు. వాటి సారం నీళ్లలోకి దిగాలి గాని వాటిని నమలరు. నిమ్మరసం మాత్రం దించాకే పిండాలి, మరిగిస్తే పరిమళం పోయి చేదు తిరుగుతుంది.

థాయ్ వాళ్లు వేపుడు మాంసంలో వేసే క్రపావ్ ఆకు మన తులసి జాతిదే. తులసికోటలో పూజించే మొక్క నుంచి తుంచి వంటలో వేయడం మీ అమ్మగారికి బాధ కలిగించవచ్చు కాబట్టి, వంటకని వేరే కుండీలో ఒక మొక్క పెంచుకో. అప్పటికీ ఆవిడకు ఇష్టం లేదంటే ఆ వంటకం చేయకపోయినా ఫరవాలేదు, చేయవలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

వడ్డించేటప్పుడు ఒక మాట గుర్తుంచుకో. కూరను మన పప్పులా అన్నమంతటా కలిపేయరు. ఉప్పు లేకుండా వండిన మల్లె బియ్యపు (జాస్మిన్ రైస్) అన్నం మీద ఒకటి రెండు గరిటెలు వేసుకుని, అది తిన్నాక మళ్లీ వేసుకుంటారు. కూర ఉప్పగా, ఘాటుగా ఉండడానికి కారణం అన్నం చప్పగా ఉండడమే. అన్నంలో ఉప్పు వేస్తే ఆ లెక్క తప్పుతుంది.

నా కుండీలోని నిమ్మగడ్డి గుబురు బాగా పెరిగింది. నాలుగు పిలకలు తడి గుడ్డలో చుట్టి పార్సిల్‌లో పంపుతున్నాను. అందగానే గ్లాసు నీళ్లలో నిలబెట్టి, వేళ్లు వచ్చాక ఎండ తగిలే చోట నాటు. మీ ఊళ్లో ఉస్తికాయలు దొరుకుతున్నాయో లేదో రాయి, దొరక్కపోతే వాటినీ పంపుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు